రెక్కాడితే డొక్కాడుతుంది: మరి ఆ రెక్కను ఆడించేదేమిటి?

(పురసవాక్కంలో జరిగిన మన సమాఖ్య వార్షికోత్సవ సభలో మేము చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



మేమిద్దరం అక్కచెల్లెళ్లం. మాలో ఒకరం ఫిజియోథెరపీ చదివి ఆ పనే చేస్తున్నాం. ఇంకొకరం ఇక్కడే కుట్టుపని, మగ్గం వర్కు చేస్తున్నాం. "ఒకతిది నొప్పి తెచ్చుకునే పని, ఒకతిది నొప్పి తీసేసే పని" అని మా నాన్న ఎగతాళి చేస్తుంటారు. కమిటీ పెద్దలు పిలిచి, "షుగరు గురించి, బీపీ గురించి ప్రతి ఏడూ వింటూనే ఉన్నాం, ఈసారి మనవాళ్లకు పనికొచ్చేది వేరే ఏదైనా చెప్పండమ్మా" అన్నారు. మేమిద్దరం ఇంటికెళ్లి ఆలోచించుకుంటే మన సామెతే గుర్తుకొచ్చింది. రెక్కాడితే గాని డొక్కాడదు.

పద్మశాలీలమైనా, దేవాంగులమైనా, నేతను నమ్ముకున్న ఏ కులం వాళ్లమైనా ఈ సామెత వినని ఇల్లు మనలో ఉండదు. రెక్క అంటే చెయ్యి అనుకుంటాం. కానీ వీపు మీద, మూపు దగ్గర, నిజంగానే రెక్కలా కనిపించే ఎముక ఒకటుంది. దాన్నే రెక్క ఎముక అంటారు. పుస్తకాల్లో అంసఫలకం అని రాస్తారు, డాక్టర్లు స్కాపులా అంటారు. ఈ రోజు ఆ ఒక్క ఎముక గురించి, దాన్ని పట్టుకున్న కండల గురించి మాత్రమే మాట్లాడతాం.

ముందు తడిమి చూడండి

అందరూ ఎడమ చేతిని కుడి భుజం మీదుగా వెనక్కి వెయ్యండి. వేళ్లకు అడ్డంగా ఒక గట్టులాంటిది తగులుతోంది కదా? అది రెక్క ఎముక మీదుండే వెన్ను. ఆ గట్టు వెంటే వేళ్లను బయటికి జరుపుకుంటూ వస్తే భుజం కొసన చదునుగా ఒక కప్పు తగులుతుంది. దాని పేరు అక్రోమియన్. భుజానికి అది ఇంటి చూరులాంటిది. ఈ చూరును గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

ఎముక మొత్తం మూడు మూలల పలక. అరచేతి కన్నా కాస్త పెద్దది. రెండో పక్కటెముక నుంచి ఏడో పక్కటెముక దాకా వీపు మీద పరుచుకుని ఉంటుంది. మన పేటకు పురసు చెట్ల వల్ల పేరొచ్చిందని చెబుతారు. తమిళంలో పురసు అంటే మన మోదుగ. విస్తరి కుట్టడానికి చేతిలోకి తీసుకున్న ఒక మోదుగాకును ఊహించుకోండి, ఇంచుమించు అంత ఉంటుంది. ఎండిన ఎముకను వెలుతురుకు పెడితే మధ్యలో వెలుగు కనిపించేటంత పల్చన.

ఇప్పుడు అసలు సంగతి. మోకాలు తొడ ఎముకకు, కాలి ఎముకకు మధ్య గట్టిగా బిగించి ఉంటుంది. తుంటి గిన్నెలో దిగి ఉంటుంది. రెక్క ఎముక మాత్రం వెన్నెముకకు అతుక్కోలేదు, పక్కటెముకలకూ అతుక్కోలేదు. ముందువైపు కాలర్ ఎముక కొసతో చిన్న కీలు, ఎముకల ద్వారా ఒంటికి దానికున్న సంబంధం అదొక్కటే. మిగతాదంతా కండల మీద వేలాడుతూ ఉంటుంది. ఈ ఒక్క ఎముకకే 17 కండలు అంటుకుని ఉంటాయి.

ఆరు వైపుల తాళ్లు

మగ్గం తెలిసినవాళ్లకు ఇది చెప్పడం సులువు. పడుగును పైకీ కిందికీ తెరిచే అల్లులు పైనుంచి తాళ్లతో వేలాడతాయి, కింద తొక్కుడు చెక్కలకు కట్టి ఉంటాయి. అన్ని తాళ్లూ సమంగా బిగిస్తేనే పడుగు సరిగ్గా తెరుచుకుంటుంది. ఒకటి వదులై ఇంకొకటి బిగిసిందంటే నాడె దారాల్లో తగులుకుంటుంది. రెక్క ఎముక సంగతీ అంతే.

పైకి లాగే తాళ్లు రెండు. తల వెనక నుంచి భుజం దాకా దిగే ట్రపీజియస్ పై భాగం ఒకటి, మెడ పూసల్లో పై నాలుగింటి నుంచి రెక్క ఎముక లోపలి పై మూలకు వచ్చే లెవేటర్ స్కాపులే రెండోది. పొద్దంతా తల వంచి పనిచేసి సాయంత్రం "మెడ పట్టేసింది" అని మీరు వేలు పెట్టి చూపించే చోటు చాలాసార్లు ఈ మూలే.

వెన్ను వైపుకు లాగేవి రాంబాయిడ్లు అనే రెండు కండలు, ట్రపీజియస్ నడిమి భాగం. కిందికి దించి నిలిపేది ట్రపీజియస్ కింది భాగం. మనలో చాలామందికి బలం తగ్గేది ఇక్కడే.

ముందుకు పట్టి ఉంచేది సెర్రాటస్ యాంటీరియర్. పక్కటెముకల మీద రంపపు పళ్లలా మొదలై, రెక్క ఎముక కిందుగా దూరి వెళ్లి దాని లోపలి అంచును పట్టుకుంటుంది. దీనికి వచ్చే నరం దెబ్బతింటే, గోడను రెండు చేతులతో నెట్టినప్పుడు రెక్క ఎముక పక్షి రెక్కలా వెనక్కి లేచి కనిపిస్తుంది. ఛాతీ ముందు మూడు, నాలుగు, ఐదో పక్కటెముకల నుంచి వచ్చే పెక్టొరాలిస్ మైనర్ చిన్న కండే, కానీ అది బిగుసుకుంటే భుజం మొత్తాన్ని ముందుకు వంచేస్తుంది. ఏళ్ల తరబడి మగ్గం మీద కూర్చున్న తాతయ్యల భుజాలు ముందుకు ఒరిగి ఉండడంలో దీనికీ వాటా ఉంది.

ఇవి రెక్క ఎముకను ఒంటికి కట్టే తాళ్లు. చెయ్యిని రెక్క ఎముకకు కట్టేవి వేరే ఉన్నాయి. భుజం కీలు గిన్నెలో నిమ్మకాయలా ఉంటుందని అనుకోకండి, అది సాసరు మీద నిమ్మకాయ. గుంట అంత లోతు తక్కువ. ఆ నిమ్మకాయ జారిపోకుండా నాలుగు కండలు చుట్టూ పట్టి ఉంచుతాయి. సుప్రాస్పైనాటస్, ఇన్‌ఫ్రాస్పైనాటస్, టెరీస్ మైనర్, సబ్‌స్కాపులారిస్. నాలుగింటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటారు. వీటిలో మొదటిదాని స్నాయువు, అంటే కండను ఎముకకు కట్టే తాడు, ఇందాక చెప్పిన చూరు కిందుగానే వెళుతుంది. అక్కడుండే సందు ఇంచుమించు ఒక సెంటీమీటరు.

రెండుకు ఒకటి

చెయ్యిని పక్క నుంచి పూర్తిగా పైకెత్తితే 180 డిగ్రీలు. ఆ ఎత్తడంలో భుజం కీలు చేసేది దాదాపు 120 డిగ్రీలు. మిగతా 60 రెక్క ఎముక తానే తిరిగి ఇస్తుంది. 1944లో అమెరికాలో ఇన్‌మన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఈ రెండుకు ఒకటి లెక్కను రాశారు. మనిషిని బట్టి కాస్త అటూ ఇటూ అయినా, భుజం వైద్యంలో ఈ మాటను ఇప్పటికీ వాడుతున్నారు.

దీని అర్థమేమిటి? చెయ్యి పైకి లేచినప్పుడు రెక్క ఎముక కూడా తిరిగితేనే చూరు పక్కకు తొలగి, కింద ఉన్న తాడుకు చోటు దొరుకుతుంది. పట్టి ఉంచే కండలు అలసిపోయి రెక్క ఎముక సరిగా తిరగకపోతే చెయ్యి ఎత్తిన ప్రతిసారీ ఆ తాడు చూరు కింద నలగవచ్చు. ఒక రోజు నలిగితే ఏమీ తెలియదు. ఇరవై ఏళ్లు నలిగితే నిద్రలో అటు పక్కకు తిరగలేరు.

మన పనిలో ఎన్నిసార్లు?

లెక్క వేద్దాం. అంగుళానికి 60 పేకలు పడే చీర అనుకోండి. అయిదున్నర మీటర్లంటే సుమారు 216 అంగుళాలు. అంటే ఒక్క చీరకు 13 వేల పేకలు. పేక పేకకూ ఒక చెయ్యి నాడె పిడిని లాగుతుంది, ఇంకో చెయ్యి అచ్చును కొడుతుంది. ఒక చీరకు ఇన్నిసార్లు రెక్క ఎముక పక్కటెముకల మీద జరిగి వెనక్కి వచ్చింది.

మన చెన్నైలో ఈ పని కొత్తది కాదు. చింతాద్రిపేట పేరే చిన్న తరి పేట, అంటే చిన్న మగ్గాల పేట. 1734లో గవర్నర్ జార్జ్ మార్టన్ పిట్ కాలంలో ఆ పేటను నేతగాళ్ల కోసం కట్టారు. అంతకు ఒక ఏడాది ముందు, 1733లో, ఇంగ్లండులో జాన్ కే తాడు లాగితే పరుగెత్తే నాడెకు పేటెంటు తీసుకున్నాడు. అది మన మగ్గాలకు రావడానికి చాలా కాలం పట్టింది. అంతదాకా మనవాళ్లు నాడెను ఈ చేత్తో విసిరి ఆ చేత్తో పట్టుకునేవాళ్లు. రెండు రెక్కలూ చాచి చేసే పని అది. పిడి వచ్చాక చాచే పని తగ్గింది, ఒక భుజం మీద లాగుడు పెరిగింది. పనిముట్టు మారినప్పుడల్లా నొప్పి కూడా చోటు మార్చుకుంది.

కానీ మగ్గం కన్నా ముందు జరిగే పని ఒకటుంది. దాన్ని ఎవరూ లెక్కలో వెయ్యరు.

తెలంగాణలో ఆలేరు, పోచంపల్లి వైపు చిటికీ కట్టి రంగులద్దే చీరలకు ముందు ఆసు పోయాలి. ఒక పక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా మేకుల వరుస. దారాన్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు సుమారు 9 వేల సార్లు చెయ్యి ఆడాలి. రోజుకు రెండు చీరలంటే 18 వేల సార్లు. ఈ పని ఇంట్లో ఆడవాళ్లదే. శారాజీపేటలో లక్ష్మి అనే తల్లి ఇలాగే ఆసు పోసి పోసి భుజాలు నొప్పి పెట్టి, ఇక నా వల్ల కాదు అంది. కొడుకు చింతకింది మల్లేశం పెద్ద చదువులు చదువుకున్నవాడు కాదు. 1992లో మొదలుపెట్టి, అప్పులు చేసి, ఊరివాళ్లు నవ్వినా మానకుండా 1999లో ఆసు యంత్రం చేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు, 2019లో ఆయన కథతో సినిమా కూడా వచ్చింది.

ఆ కథలో మమ్మల్ని పట్టి ఆపిన మాట యంత్రం గురించి కాదు. ఒక కొడుకు అమ్మ నొప్పిని నమ్మాడు. వయసు అనలేదు, వాతం అనలేదు. అది పని వల్ల వచ్చిన నొప్పి అన్నాడు. పని మారితే నొప్పి మారుతుందన్నాడు.

మా అమ్మమ్మ

మేము నమ్మలేదు. అది చెప్పకుండా ఇక్కడ నిలబడి మాట్లాడే హక్కు మాకు లేదు.

మా అమ్మమ్మ నారాయణవనం ఆడబిడ్డ. పెళ్లయి మద్రాసుకు వచ్చాక కూడా తాతకు కండెలు చుట్టిపెట్టేది ఆమే. ఎడమ చేత్తో దారం పట్టి, కుడి చేత్తో రాట్నం తిప్పేది. నలభై ఏళ్లు తిప్పింది. తాత నేసిన చీరల లెక్క సొసైటీ పుస్తకంలో ఉంది. అమ్మమ్మ చుట్టిన కండెల లెక్క ఏ పుస్తకంలోనూ లేదు.

ఒక ఏడు ఆమె కొప్పు వెనక ముడవడం మానేసి పక్కకు ముడవడం మొదలుపెట్టింది. వెనక హుక్కులుండే రవికెలు మానేసి ముందు హుక్కులవి కుట్టించుకుంది. మేము పండక్కి వెళ్లినప్పుడు "అమ్మమ్మా, కొత్త స్టైలా?" అని నవ్వాం. "రెక్కలు అరిగిపొయినాయి లేమ్మే" అనింది ఆమె కూడా నవ్వుతూ. అటక మీది డబ్బా దించమంటే పక్కింటి పిల్లవాడిని పిలిచేది. ఇవన్నీ చెయ్యి పైకి, వెనక్కి పోవడం లేదన్న గుర్తులు. మాలో ఒకరం అప్పుడు కాలేజీలో ఎముకల పేర్లు బట్టీ పడుతున్నాం. పుస్తకంలోని రెక్క ఎముక మా ఇంట్లోనే ఉందని మాకు తట్టలేదు.

నొప్పి ఎక్కువయ్యాక ఎవరో చెబితే ఒక చోటికి తీసుకెళ్లి చెయ్యిని ఒంటికి చేర్చి కట్టు కట్టించాం. ఎముక విరగలేదు, జారలేదు. అయినా మూడు వారాలు కదలనివ్వలేదు. ఆమెకు షుగరు కూడా ఉంది. కట్టు విప్పేసరికి చెయ్యి రొమ్ము దాటి పైకి లేవలేదు. భుజం బిగుసుకుపోయింది. షుగరు ఉన్నవాళ్లలో ఇలా బిగుసుకోవడం మామూలు కన్నా ఎక్కువ. విరగని భుజాన్ని వారాల తరబడి కట్టి ఉంచితే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. ఆ తర్వాత ఆమె ఉన్నన్నాళ్లూ మా అమ్మే ఆమెకు తల దువ్వింది.

కట్టినవాళ్లను తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. తీసుకెళ్లింది మేమే. అంతకు ముందు రెండేళ్లు చూసి నవ్వింది కూడా మేమే.

మగ్గం పోయింది, భుజం ఉంది

"మాకిప్పుడు మగ్గాలు లేవు కదమ్మా" అంటారు మీలో చాలామంది. నిజమే. కానీ మన పిల్లలు ఏం చేస్తున్నారు? పురసవాక్కం హైరోడ్డు బట్టల దుకాణాల్లో పొద్దుట్నుంచి రాత్రి దాకా పై అరల్లోంచి చీరలు దించి, విదిలించి, పరిచి, మళ్లీ మడిచి పైకి పెడుతున్నారు. మన ఆడపిల్లలు కుట్టు మిషన్ల మీద, మగ్గం వర్కు చట్రాల మీద వంగి ఉన్నారు. కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లూ ఉన్నారు. ఈ సంచికను ఫోనులో చదివేవాళ్లు ఇప్పుడే మెడ వంచి చదువుతుంటారు, కాస్త తల ఎత్తండి. తాళ్లు అవే, లాగుడు అదే.

జాతీయ చేనేత దినోత్సవాన్ని 2015 ఆగస్టు 7న మొదలుపెట్టింది మన చెన్నైలోనే. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివాళ్లు 35 లక్షలకు పైగా, అందులో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్లే. ఆ రోజున చీరలకు చేసే సన్మానంలో కొంత ఆ భుజాలకూ చేరాలని మా కోరిక.

ఇంటికెళ్లి చేయాల్సినవి

ఇవి రోజుకు పది నిమిషాల పని. డబ్బు ఖర్చు లేదు.

ఒకటి. నిటారుగా కూర్చుని రెండు రెక్క ఎముకలనూ వెనక్కి, కాస్త కిందికి లాగండి. వాటి మధ్య ఒక పెన్సిల్ పట్టుకున్నట్టు. ఐదు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు. భుజాలు చెవుల వైపు లేవకూడదు.

రెండు. గోడకు మూరెడు దూరంలో నిలబడి రెండు చేతులతో గోడను పట్టండి. మోచేతులు వంచి ముందుకు వెళ్లి, వెనక్కి వచ్చాక చివర్లో ఇంకొంచెం గోడను నెట్టండి. సెర్రాటస్ కండకు పని పడేది ఆ చివరి కొంచెంలోనే. పదిసార్లు.

మూడు. గుమ్మంలో నిలబడి రెండు మోచేతులూ ద్వారబంధానికి ఆనించి ఒక అడుగు ముందుకు వేయండి. ఛాతీ ముందు లాగినట్టు ఉండాలి. అర నిమిషం, మూడుసార్లు.

నాలుగు. చెయ్యి పైకి లేవడం తగ్గినవాళ్లు గోడ మీద వేళ్లతో చీమ ఎక్కినట్టు పైకి నడిపించండి. ఈ రోజు ఎక్కడిదాకా వెళ్లిందో పెన్సిలుతో గీత పెట్టండి. మనవడికి ఎత్తు కొలిచే గోడ మీదే అమ్మమ్మ గీత కూడా ఉండనివ్వండి.

పనిలో మార్పులు కూడా కావాలి. అరగంటకోసారి ఒక నిమిషం చేతులు కిందికి వదిలేయండి. కుట్టు మిషను, చట్రం మోచేతి ఎత్తులో ఉండాలి. దుకాణం పెట్టుకున్నవాళ్లకు మా మనవి ఒకటి: ఎక్కువ అమ్ముడయ్యే సరుకు నడుముకూ భుజానికీ మధ్య అరల్లో పెట్టండి, పై అరలకు ఒక స్టూలు ఇవ్వండి. అది మీ పనివాళ్ల రెక్కలకు పెట్టుబడి.

ఇక జాగ్రత్త. ప్రతి భుజం నొప్పీ కండ నొప్పి కాదు. ఎడమ భుజం, చెయ్యి లాగుతూ ఛాతీ బరువు, చెమట, ఆయాసం ఉంటే వ్యాయామం కాదు, వెంటనే 108కి ఫోను చేయండి. నూనె వంటలు తిన్నాక కుడి రెక్క ఎముక కింద నొప్పి వస్తుంటే పిత్తాశయం చూపించుకోవాలి. పడిన తర్వాత చెయ్యి లేవకపోయినా, చేతికి తిమ్మిరి, బలహీనత వచ్చినా, జ్వరంతోనో బరువు తగ్గడంతోనో రాత్రి నొప్పి వదలకపోయినా ఆలస్యం చేయకండి. కీల్పాక్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రి మనకు ఎంతో దూరం లేదు.

చివరి మాట

ఈ సభ నుంచి మీరు కండల పేర్లు గుర్తుపెట్టుకుని వెళ్లనవసరం లేదు. ఒక్క పని చేయండి. ఈ రాత్రి ఇంట్లో పెద్దవాళ్లను, "రెండు చేతులూ పైకెత్తి చూపించమ్మా, తర్వాత వీపు వెనక రవికె హుక్కు దాకా పెట్టి చూపించు" అని అడగండి. ఒక చెయ్యి ఇంకో చెయ్యి కన్నా వెనకబడితే నవ్వకండి. "వయసు" అనకండి. ఎప్పటి నుంచి, ఏ పని చేస్తే ఎక్కువవుతోంది అని అడగండి.

రెక్క ఎముకకు ఎముకల ఆసరా తక్కువ, చుట్టూ ఉన్న కండలే దాన్ని నిలబెడతాయి. ఇల్లూ అంతే. మన డొక్క ఇన్నేళ్లు ఆడింది ఎవరి రెక్కల మీదో, ఆ రెక్కల గురించి అడగడానికి మనకు ఒక నిమిషం ఉండాలి.

 భోజనాలు మొదలయ్యే ముందు ఒక్కసారి అందరూ లేచి నిలబడి రెక్కలు వెనక్కి లాగండి. ఐదు లెక్కపెడదాం. సెలవు.